మట్టం కుదిరింది, వాటం ఏది?

పోస్టు:
టైల్స్ పనిలో చేరి నెల కాలేదు. ఇన్నాళ్లూ ఇసుక జల్లించడం, టైల్స్ మోయడం, సందుల్లో స్పేసర్లు పెట్టడం, ఇదే పని. మొన్న మేస్త్రి ఒక బాత్రూమ్ నేల నాకు వదిలేశాడు. ప్రతి టైల్ మీదా రసమట్టం (స్పిరిట్ లెవెల్) పెట్టి చూసుకున్నా. బుడగ రెండు గీతల మధ్య నుంచి కదిలితే ఒట్టు! ఆయన వచ్చి ఏమీ మాట్లాడకుండా మగ్గుడు నీళ్లు పోశాడు. అవి ఎటూ పోలేదు, పోసినచోటే మడుగు కట్టాయి. "మట్టం బానే కుదిరిందిరా, వాటం ఏది?" అన్నాడు.

సిమెంటు పచ్చిగా ఉండగానే అన్నీ ఊడదీసి మళ్లీ వేశాం, అది వేరే సంగతి. నా సందేహం ఈ "వాటం" గురించి. ఎడమచేతి వాటం అంటాం, గాలివాటం అంటాం, "కాస్త వాటంగా కూర్చో" అంటాం. ఇవీ, నీళ్లు పారే వాటమూ ఒకటే మాటేనా?

వ్యాఖ్య:
ఒకటే అని నాకనిపిస్తుంది. ఏదైనా తనంతట తాను ఎటు మొగ్గుతుందో అదే దాని వాటం. నీళ్లు పల్లానికి మొగ్గుతాయి, కొందరి చెయ్యి ఎడమకి మొగ్గుతుంది, గాలివాటం మనిషి గాలి ఎటు వీస్తే అటు. ఆ మొగ్గుకి ఎదురెళ్లకపోతే హాయి కాబట్టి "వాటంగా" అంటే అనువుగా అయింది. శ్మశానవాటికలోని వాటిక మాత్రం సంస్కృతం, అక్కడ అర్థం ఆవరణ. దాన్ని ఇందులోకి లాగకండి.

వ్యాఖ్య:
పాతికేళ్లుగా ఇదే పనిలో ఉన్నా. వాటం అంటే వాలు అనేస్తే సగమే చెప్పినట్టు. కొండకి వాలు ఉంటుంది, కొండ వాటం అని ఎవరంటారు? వాటం అనగానే "ఎటు?" అని అడగాలి. బాత్రూమ్‌లో నీళ్లు పోయే జాలీ వైపు, బాల్కనీలో గొట్టం వైపు. మీటరుకి 1 నుంచి 2 సెంటీమీటర్లు ఇస్తే చాలు. కంటికి తెలియదు, నీళ్లకి తెలుస్తుంది. మరీ ఎక్కువిస్తే బకెట్ ఒరుగుతుంది, నిలబడ్డవాడి కాలూ జారుతుంది. ఇంకోటి తమ్ముడూ, జాలీ మధ్యలో ఉంటే నాలుగు వైపుల నుంచీ వాటం రావాలి. పెద్ద టైల్‌తో అది రాదు, టైల్ వంగదు కదా. చిన్నవి వేసుకో, లేదా మూల నుంచి మూలకి కోసి వేసుకో.

వ్యాఖ్య:
నీటిమట్టం, నేలమట్టం సరే. మరి మూలమట్టం? అది ఎత్తుపల్లాలు చూడదు, గదిమూల 90 డిగ్రీలు ఉందా లేదా అని చూస్తుంది. మా ఇంట్లో టైల్స్ వేసినప్పుడు మూలమట్టం చిన్నదని దారంతో చూశారు. ఒక గోడ వెంట 3 అడుగులు, రెండో గోడ వెంట 4 అడుగులు గుర్తు పెట్టి, ఆ గుర్తుల మధ్య 5 అడుగులు వస్తే మూల కుదిరినట్టు. అంటే మట్టం అసలు సంగతి సమానంగా ఉండటం కాదేమో, సరిగ్గా ఉందో లేదో తేల్చడమేమో.

వ్యాఖ్య:
రసమట్టంలో రసం పాదరసం అనుకునేవాణ్ణి. కాదు, మామూలు ద్రవమే. 1661 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో మెల్కిసెడెక్ తెవెనో ఈ బుడగ గొట్టం చేసినప్పుడు అందులో పోసింది ఆల్కహాల్. తాగి తూలేవాడి చేతిలో కూడా తూలని మందు అదొక్కటే అనుకుంటా.

పోస్టు పెట్టినవారి జవాబు:
అందరికీ థాంక్సండీ. "ఎటు?" అని అడగాలన్న అన్న మాట గుర్తుండిపోతుంది. ఇవాళ జాలీ నుంచి గోడ దాకా దారం కట్టి, ముందు టైల్స్ పొడిగా పరిచి చూసుకుని, తర్వాతే సిమెంటు కలిపాను. నీళ్లు పోస్తే జాలీలోకి చల్లగా జారుకున్నాయి.

ఒక్కటి చెప్పడం మర్చిపోయా. నాది ఎడమచేతి వాటం. నేను తాపీ అటునుంచి పట్టడం చూసి ఇంటాయన అనుమానంగా అడిగితే, మా మేస్త్రి "ఏం లేద్సార్, మావాడికి కొంచెం చేతివాటం" అన్నాడు. సాయంత్రం దాకా ఇంటాయన ఆ గది వదిలి వెళ్లలేదు.