అనానిమస్ క్లాస్‌ని ‘అజ్ఞాత’ అనొచ్చా?

జావా అనే ప్రోగ్రామింగ్ భాష పాఠాలు తెలుగులో రాసేటప్పుడు అనానిమస్ క్లాస్‌ని (పేరు పెట్టకుండా, వాడేచోటే రాసేసే క్లాస్‌ని) ‘అజ్ఞాత తరగతి’ అంటే నాకు అతకడం లేదండి. అజ్ఞాతవాసంలో పాండవులకు పేర్లున్నాయి: కంకుభట్టు, వలలుడు, బృహన్నల. లేనిదల్లా వాళ్లెవరో లోకానికి తెలియడం. ఇక్కడ సరిగ్గా తిరగేసి ఉంది. క్లాస్ మొత్తం కళ్లెదుటే ఉంటుంది, పేరొక్కటే ఉండదు.

న్యూ అని రాసి, కంపారేటర్ (రెండిటిని పోల్చే మెథడ్ ఉండాలని చెప్పే ఇంటర్‌ఫేస్) పేరు పెట్టి, బ్రాకెట్ల తర్వాత బ్రేస్ తెరిచి అందులోనే కంపేర్ మెథడ్ రాస్తాం. ఇంటర్‌ఫేస్‌కి ఆబ్జెక్ట్ ఉండదుగా, మరి న్యూ ఎలా కుదిరిందని కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. ఆ ఆబ్జెక్ట్ ఇంటర్‌ఫేస్‌ది కాదు. దాన్ని ఇంప్లిమెంట్ చేసే క్లాస్‌ని అక్కడికక్కడే రాసి, ఆ క్లాస్‌కే ఆబ్జెక్ట్ చేస్తున్నాం. ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే కన్‌స్ట్రక్టర్‌కి క్లాస్ పేరే పెట్టాలి కాబట్టి, పేరులేని క్లాస్‌కి మనం కన్‌స్ట్రక్టర్ రాయలేం. అందుకే నా ఓటు ‘పేరులేని క్లాస్’కి.

— ‘అనామక’ ఉందిగా! సంస్కృతంలో ఉంగరపు వేలు అనామిక, అంటే పేరులేనిదే.

అర్థం సరిపోయింది, ఒప్పుకుంటాను. కానీ వాడుకలో అనామకుడంటే ఎవరూ లెక్కచేయనివాడు. ఆ చిన్నచూపు ఈ క్లాస్‌కి తగదు, పనిలో మామూలు క్లాస్‌కి ఏమీ తీసిపోదు.

— కంపైలర్ ఏదో పేరు పెడుతుంది కదండీ?

పెడుతుంది. బయటి క్లాస్ పేరు, డాలర్ గుర్తు, ఒక అంకె, అంతే. అది ఫైలుకి కావలసిన గుర్తు. అదే క్లాస్‌ని, పేరు చెప్పే గెట్‌సింపుల్‌నేమ్ మెథడ్‌తో అడిగి చూడండి, ఖాళీ స్ట్రింగ్ వస్తుంది. పేరు లేదని జావాయే చెబుతోంది!

— 2014లో జావా 8తో లాంబ్డాలు (పేరు లేకుండా క్లుప్తంగా రాసే ఫంక్షన్లు) వచ్చాక ఈ మాటతో ఇంకా పనుందా?

ఉంది. తప్పక రాయాల్సిన మెథడ్ ఒక్కటే ఉన్న ఇంటర్‌ఫేస్‌కే లాంబ్డా పనికొస్తుంది. కంపారేటర్‌కి హాయిగా లాంబ్డా రాసుకోండి, నేనూ అదే రాస్తాను. అంశాల్ని ఒక్కొక్కటిగా ఇచ్చే ఇటరేటర్‌కి మాత్రం హ్యాజ్‌నెక్స్ట్, నెక్స్ట్ రెండూ రాయాలి, ఎంతవరకు వచ్చామో గుర్తుంచుకునే ఫీల్డ్ కూడా కావాలి. పేరులేని క్లాస్‌లో ఆ ఫీల్డ్ పెట్టుకోవచ్చు. లాంబ్డాకి సొంత ఫీల్డ్ ఉండదు, అందులో దిస్ (‘ఈ ఆబ్జెక్ట్’) అన్నా బయటి ఆబ్జెక్టే పలుకుతుంది.