అప్‌డేట్: కర్నూలులో పాపలిద్దరికీ స్కూలు దొరికింది

పెద్దదానికి రెండో తరగతి, చిన్నదానికి యూకేజీ. నంద్యాల చెక్‌పోస్టు దాటినాక ఉండే పెద్ద క్యాంపస్సా, మా సీ క్యాంపు దగ్గరి చిన్న స్కూలా అని అడిగినా కదా. చిన్నదాంట్లోనే చేర్పించినాం.

పెద్ద స్కూల్లో ఏసీ గదులు, స్విమ్మింగ్ పూలు అన్నీ తిప్పి చూపించినారు. బాత్రూమ్ చూపించమంటే మాత్రం "తాళం ఆయా దగ్గరుంది మేడం" అన్నారు. ఆడపిల్లల తల్లికి చూపించాల్సింది ముందు అదే కదా! పైగా రెండో తరగతికి ఎంట్రన్స్ టెస్టంట. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం అడ్మిషన్‌కు పిల్లలకు పరీక్ష పెట్టకూడదు. ఆ మాటంటే, "ఊరికే ఇంటరాక్షన్ మేడం" అని నసిగినారు.

చిన్న స్కూలుకు చెప్పకుండా ఇంటర్‌వెల్ టైంలో పోయినా. ఆయా మెట్ల మీద కూర్చొని ఎవరి పాపకో ఊడిపోయిన రిబ్బను కడ్తా ఉంది. కుళాయిలు పిల్లలకు అందే ఎత్తులో ఉన్నాయి, బాత్రూమ్ తలుపుకు గడియ పడుతుంది. క్లాసుకు 28 మంది. ప్రైమరీలో చట్టం చెప్పేది టీచరుకు 30 మందే. ఫీజు మూడు కంతుల్లో కట్టొచ్చు, రసీదు ఇస్తారు.

గ్రౌండు లేదు, అదొక్కటే వెలితి. సాయంత్రం వాళ్ల నాయన స్టేడియానికి తీసుకుపోతున్నాడు, చూడాల ఎన్నాళ్లు పోతాడో.