ఊరి పెద్దల తీర్పుకు చట్టబద్ధత కల్పించాలా?

మాజీ సర్పంచ్:
పొలం గట్టు తగాదా, అప్పు తగాదా, అన్నదమ్ముల పంపకం వంటివి మన రెండు తెలుగు రాష్ట్రాల పల్లెల్లో ఇప్పటికీ ముందుగా పెద్దమనుషుల దగ్గరికే వస్తున్నాయి. జూనియర్ సివిల్ జడ్జి కోర్టున్న పట్టణానికి వెళ్లివస్తే ఒకరోజు కూలి పోతుంది, వాయిదా పడితే మరోరోజు పోతుంది. రచ్చబండ దగ్గరైతే ఇరుపక్షాలనూ ఎరిగినవారు గట్టు మీదికి వెళ్లి చూసి మరీ తేలుస్తారు. బీహార్‌లో 2006 నాటి పంచాయతీరాజ్ చట్టం గ్రామ కచహరీలకు, అంటే ఊరి స్థాయి న్యాయసభలకు, చిన్న తగాదాలు విచారించే అధికారం ఇచ్చింది. మన పెద్దల తీర్పుకూ అటువంటి బలం ఎందుకు ఇవ్వకూడదు?

తాలూకా న్యాయవాది:
సర్పంచ్ గారు చెప్పిన దూరాభారం నిజమే; వాయిదాలు తగ్గించాలన్న ఆత్రం మా వృత్తిలో పెద్దగా కనిపించదన్న విమర్శకు నా దగ్గర గట్టి జవాబు కూడా లేదు. కానీ గ్రామ కచహరీ ఎన్నికైన సంస్థ, దాని అధికారానికి చట్టం గీసిన హద్దులున్నాయి. పెద్దమనుషులను ఎవరూ ఎన్నుకోలేదు, వారి మాటపై అప్పీలు లేదు.

అంతకంటే ముఖ్యం, పంచాయితీలో గడిచిన కాలం వల్ల కలిగే నష్టం. ప్రామిసరీ నోటు మీద దావాకు 1963 కాలపరిమితి చట్టం ఇచ్చే గడువు సాధారణంగా మూడేళ్లు. పంట రాగానే ఇప్పిస్తామని పెద్దలు వాయిదాలు వేస్తూ పోతే ఆ గడువు ఆగదు, ఎందుకంటే విచారణాధికారం లేని కోర్టులో చిత్తశుద్ధితో గడిపిన కాలాన్ని మినహాయించే నిబంధన రచ్చబండకు వర్తించదు. గడువులోపల కొంత సొమ్ము ఇప్పించి, నోటు వెనుక బాకీదారు సంతకంతో చెల్లు రాయిస్తే ఆ రోజు నుంచి కొత్త గడువు మొదలవుతుంది. ఈ ఒక్క జాగ్రత్త చెప్పే పెద్దలు తక్కువ. చెప్పకపోవడం వల్ల మునిగేది అప్పిచ్చిన చిన్నవాడే.

భూమి పంపకాల సంగతీ అంతే. ఇదివరకే జరిగిన పంపకాన్ని గుర్తుకోసం రాసుకున్న కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కరలేదు. ఆ కాగితమే పంపకం చేస్తూ ఉంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఒక వాక్యం రాసిన తీరును బట్టి ఏళ్ల తర్వాత ఒకరి వాటా చిక్కుల్లో పడుతుంది. ఇక పెద్దలు రాయించే విడాకుల కాగితం, ఆ కులంలో అటువంటి ఆచారం ఉందని రుజువు చేస్తే తప్ప, హిందూ వివాహాన్ని రద్దు చేయదు. ఆ కాగితాన్ని నమ్మి మళ్లీ పెళ్లి చేసుకున్నవారు చిక్కుల్లో పడతారు.

మహిళా సంఘం కార్యకర్త:
మీరిద్దరూ సమానమైన ఇద్దరి మధ్య తగాదా గురించే మాట్లాడుతున్నారు. కౌలు భూమి, కూలి పని, చేబదులు అన్నీ ఎదుటివారి చేతిలోనే ఉన్నప్పుడు రాజీకి ఒప్పుకోను అని లేచి వెళ్లగలిగేది ఎవరు? తప్పు కట్టమన్నా, కుటుంబాన్ని వెలివేస్తామన్నా తల వంచినదాన్ని సమ్మతి అనడం నాకు సమ్మతం కాదు. అత్యాచారాన్ని సైతం పెళ్లితో సరిపెట్టే పంచాయితీలున్నాయి, అది చట్టం రాజీకి వదిలిన నేరం కాదు. ఇద్దరు వయోజనులు ఇష్టపడి చేసుకునే పెళ్లిలో ఇటువంటి సభలు జోక్యం చేసుకోవడం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. స్త్రీలకు, పిల్లలకు, దళితులకు, గిరిజనులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా 1987 న్యాయసేవల చట్టం ఉచిత న్యాయవాదిని ఇస్తుంది. 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. ఆ విషయాన్ని పంచాయితీ మొదలయ్యే ముందే చెప్పే పెద్దమనిషి ఉంటే నేనూ ఆయన పక్కన కూర్చుంటాను.

మాజీ సర్పంచ్:
నేరాల జోలికి పెద్దలు పోకూడదన్నది ఒప్పుకుంటాను. కానీ 2008 గ్రామ న్యాయాలయాల చట్టం 2009 అక్టోబరు 2 నుంచి అమల్లో ఉంది. న్యాయాధికారి ఊళ్లకు వచ్చి విచారణ జరపాలని అందులో రాశారు. అయితే వాటిని నెలకొల్పవచ్చు అన్నారే గాని నెలకొల్పి తీరాలని అనలేదు. ఊరికి రాని కోర్టును చూపి ఊళ్లో ఉన్న పెద్దలను కాదంటే గట్టు తగాదా ఎక్కడికి పోవాలి?

తాలూకా న్యాయవాది:
కొత్త అధికారం ఇవ్వనక్కరలేదు. కోర్టుకు ఇంకా రాని తగాదాను కూడా లోక్ అదాలత్ తీసుకోవచ్చు. పెద్దలు కుదిర్చిన సివిల్ రాజీని మండల న్యాయసేవల కమిటీ ద్వారా అక్కడ పెట్టించి అవార్డు, అంటే ఆ రాజీ మీద ఇచ్చే ఉత్తర్వు, తీసుకుంటే దానికి డిక్రీ బలం, అంటే సివిల్ కోర్టు తీర్పుకున్న బలం, వస్తుంది, కోర్టు ఫీజు ఉండదు. 2023 మధ్యవర్తిత్వ చట్టం కూడా ఊరి శాంతికి సంబంధించిన తగాదాల్లో సామాజిక మధ్యవర్తిత్వానికి చోటిచ్చింది గాని, ఆ ఒప్పందానికి డిక్రీ బలం ఇవ్వలేదు. మాట కుదర్చడం పెద్దల పని, దాన్ని తీర్పుగా మార్చడం చట్టం పని.

మహిళా సంఘం కార్యకర్త:
ఒక షరతుతో ఒప్పుకుంటాను. లోక్ అదాలత్ రోజున కేసులు గుట్టగా వస్తాయి, సంతకాల తొందర ఉంటుంది. బలహీన పక్షాన్ని ఊరివారెవరూ లేనిచోట కూర్చోబెట్టి, కాగితం చదివి వినిపించి, ఒప్పుకోకపోయినా ఏమీ పోదని చెప్పిన తర్వాతే సంతకం తీసుకోవాలి. ఆ పని న్యాయసేవల సంస్థ శిక్షణ ఇచ్చిన పారా లీగల్ వాలంటీర్‌కు అప్పగించవచ్చు, ఆ వాలంటీర్ మాత్రం ఆ ఊరి మనిషి కాకూడదు.