డాక్యుమెంటేషన్‌లోని ఉదాహరణ కోడ్‌ని మీరు నడిపి చూస్తున్నారా?

పెన్నాగట్టు
స్థలం కొలతలు మార్చే చిన్న పైథాన్ లైబ్రరీ ఒకటి రాసి ఆన్‌లైన్‌లో పెట్టాను. సరదాకి ఫంక్షన్ల పేర్లన్నీ తెలుగులోనే పెట్టాను, పైథాన్ 3 ఒప్పుకుంటుంది. నిన్న ఒకాయన ‘రీడ్‌మీ (లైబ్రరీ పరిచయం ఫైలు)లో ఉన్నది కాపీ చేస్తే నడవట్లేదు’ అని ఇష్యూ తెరిచాడు. ఇక మీదట కోడ్‌లో ఏ మార్పు చేసినా ఉదాహరణలన్నీ వాటంతటవే నడవాలి. డాక్‌టెస్ట్ (ఉదాహరణని నడిపి, వచ్చిన జవాబు కింద రాసిన జవాబుతో సరిపోయిందో చూసే పైథాన్ పనిముట్టు) సరిపోతుందా, లేక ఉదాహరణలను వేరే ఫైళ్లలో ఉంచి పేజీలోకి లాక్కోవడం మేలా? పేజీలోనే బటన్ నొక్కితే కోడ్ నడిచే ఏర్పాటు ఎవరైనా చేశారా? మచ్చుకి ఒకటి:

>>> సెంటు_నుంచి_అంకణం(1)
6.05

ఒంగోలుగిత్త
డాక్‌టెస్ట్ చాలు బ్రదర్. 2001లో పైథాన్ 2.1 నుంచి భాషతోపాటే వస్తోంది, వేరే ఏదీ ఇన్‌స్టాల్ చేసే పని లేదు. టెస్టులు నడిపే పైటెస్ట్ వాడుతుంటే డాక్‌టెస్ట్ మాడ్యూల్స్ ఆప్షన్ ఇవ్వు, డాక్‌స్ట్రింగులన్నీ (కోడ్‌లోనే ఫంక్షన్ కింద రాసే వివరణలు) అదే ఏరుకుంటుంది. రీడ్‌మీని మాత్రం తనంతట తాను చూడదు, గ్లాబ్ ఆప్షన్‌లో ఫైలు పేరు చెప్పాలి. ఇంకోటి: మార్క్‌డౌన్‌లో కోడ్ ముగిసే చోట మూడు బ్యాక్‌టిక్‌లు పెడతాం కదా, వాటికి ముందు ఒక ఖాళీ లైను వదులు. వదలకపోతే ఆ బ్యాక్‌టిక్‌లు కూడా రావాల్సిన అవుట్‌పుట్‌లో భాగమే అనుకుని ఫెయిల్ అంటుంది. 6.05 వచ్చింది, 6.05 కావాలి, అయినా ఫెయిల్. జుట్టు పీక్కుంటావు.

సూళ్లూరుపేట_షటిల్
అదంతా సరే. సెంటుకి 6.05 అంకణాలని ఎవరు చెప్పారు సామీ? అంకణం అంటే 36 చదరపు అడుగులు. సెంటు 435.6 అడుగులు. 12.1 రావాలి.

కావలి_కట్ట
36 తిరుపతి, చిత్తూరు వైపు లెక్క. నెల్లూరులో అంకణం అంటే 72 అడుగులే. మా నాయన ఇంటి స్థలం కొన్న కాగితాల్లో కూడా అదే ఉంది. తెలియకపోతే అడగాలి, తప్పని తీర్పు చెప్పకూడదు.

సూళ్లూరుపేట_షటిల్
తీర్పు ఎవరు చెప్పారబ్బా? మా అత్తగారిది తిరుపతి. అక్కడ స్థలం కొనేవాడు ఈ లైబ్రరీ నమ్ముకుంటే రేటు సగానికి సగం తేడా వస్తుంది. నీ డాక్‌టెస్ట్ పచ్చ టిక్ పెట్టేసి కూర్చుంటుంది. కోడ్‌లోనూ 72 లెక్కే, ఉదాహరణలోనూ 72 లెక్కే. రెండూ ఒకటే చెప్తున్నాయి కాబట్టి పాస్. ఇక అది పట్టుకునేది ఏంది?

క్రేట్‌మేస్త్రి
పైథాన్ వాళ్ల గొడవలు చూస్తే నవ్వొస్తుంది. నేను రస్ట్ భాషలో లైబ్రరీలు రాసి బతుకుతున్నవాణ్ణి, కాబట్టి చెప్తున్నా, వినండి. అందులో ‘కార్గో టెస్ట్’ అనే కమాండ్ కొడితే డాక్యుమెంటేషన్‌లోని ఉదాహరణలన్నీ కంపైలై నడుస్తాయి. లైను మొదట్లో # పెడితే ఆ లైను నడుస్తుంది గానీ పేజీలో కనపడదు, కాబట్టి సెటప్ చెత్తంతా దాచేయొచ్చు. నెట్‌వర్క్ కావాల్సిన ఉదాహరణకి ‘నో రన్’ పెడితే కంపైల్ మాత్రమే అవుతుంది. కంపైల్ కాకూడదని చూపించే ఉదాహరణకి కూడా గుర్తు ఉంది, అది కంపైలైతే టెస్ట్ ఫెయిల్. మీలాగా ప్రింటైన అక్షరాలను పక్కపక్కన పెట్టి పోల్చుకునే ఖర్మ మాకు లేదు, అసర్ట్ రాస్తాం, అయిపోయింది.

దర్శి_డీబగ్
మేస్త్రిగారూ, ఉదాహరణలు ఎక్కువైతే కార్గో టెస్ట్ కొట్టి టీ తాగొచ్చినా అవి అవ్వవు, ఆ సంగతి చెప్పలేదేం? ఒక్కోదానికి ఒక్కో బైనరీ (నడిచే ప్రోగ్రాం ఫైలు) కట్టుకుంటూ పోతుంది.

క్రేట్‌మేస్త్రి
2024 ఎడిషన్ నుంచి వీలైనవన్నీ కలిపి ఒకే బైనరీగా కడుతోంది. పాత ఎడిషన్‌లో కూర్చుని ఏడిస్తే ఎవరేం చేస్తారు?

దర్శి_డీబగ్
క్లయింట్ వదలనిస్తేగా కొత్తదానికి పోయేది! అందరూ మీలాగా ఖాళీగా ఉండరు.

రొట్టెలపండగ
అక్షరాలు పోల్చే బాధ ఉన్నమాటే. పైథాన్ లెక్కల లైబ్రరీ నంపై 2.0 వచ్చినప్పుడు, అంటే 2024 జూన్‌లో, నంబరు చూపించే తీరు మారింది. అంతకుముందు ఉత్త 3.0 అని కనిపించేది, ఇప్పుడు దాని చుట్టూ నంపై ఫ్లోట్64 అని టైపు పేరు కూడా చేరింది. లెక్క ఒక్కటీ తప్పలేదు, మా డాక్యుమెంటేషన్ మాత్రం పైనుంచి కిందిదాకా ఎరుపు. అప్పటినుంచి ఉదాహరణల్లో ప్రింట్ పెట్టే రాస్తున్నాం. సెట్‌లు కూడా అంతే. మాటల సెట్‌ని నేరుగా చూపిస్తే పొద్దున పాస్, సాయంత్రం ఫెయిల్, ఎందుకంటే వరస ప్రతిసారీ మారుతుంది. సార్టెడ్‌లో పెట్టి చూపించాలి. ఎలిప్సిస్ ఆప్షన్ పెట్టి చుక్కలతో దాటేయొచ్చు గానీ, చుక్కలు మరీ ఎక్కువైతే ఏది వచ్చినా పాసే.

కనిగిరి_గోఫర్
గో భాషలోనూ ప్రింటైన అక్షరాలనే పోలుస్తుంది, దానికితోడు ఇంకో తిరకాసు ఉంది. ఎగ్జాంపుల్ ఫంక్షన్ చివర అవుట్‌పుట్ అనే కామెంట్ లేకపోతే దాన్ని కంపైల్ చేసి వదిలేస్తుంది, నడపదు. నేను ఇదివరకు పనిచేసిన చోట టీమ్ లీడ్ ‘మన ఉదాహరణలన్నీ టెస్ట్ అయినవే’ అని క్లయింట్‌కి స్లైడ్ వేసి మరీ చూపించాడు. సగం వాటికి ఆ కామెంటే లేదు. చెప్తే ‘నెగెటివ్‌గా మాట్లాడకు’ అన్నాడు. ఆ కడుపుమంట ఇంకా ఆరలేదు.

కావలి_కట్ట
@సూళ్లూరుపేట_షటిల్ ఇంతకీ మీ ఊళ్లో అంకణం ఎంత? అది చెప్పకుండా అత్తగారింటికి పోయావు.

సూళ్లూరుపేట_షటిల్
మా ఊళ్లో 72 అనే అంటారు, కాదనలేదు. కానీ 2022లో జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు మమ్మల్ని తిరుపతి జిల్లాలో కలిపారు. రేపు ఈయన జిల్లా పేరుని బట్టి లెక్క మార్చాడనుకో, మాకు 36 పడుతుంది. జిల్లా మారితే గోడలు జరుగుతాయా?

మార్కాపురం_పలక
కొట్లాటలోకి రాకుండా ఒక మాట. తెలుగులో రాసేటప్పుడు పొల్లు దగ్గర అక్షరాలు కలిసిపోకుండా కంటికి కనపడని అక్షరం ఒకటి చేరుతుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. డాక్‌స్ట్రింగ్ అన్న మాటలో క్ పక్కన ఉండేది అదే. పైథాన్ పేర్లలో దాన్ని ఒప్పుకోదు, సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. మీ లైబ్రరీలో స్క్వేర్‌యార్డ్ అనే ఫంక్షన్ ఉంది కదా, కోడ్‌లో అది లేకుండా, రీడ్‌మీలో దానితో ఉన్నట్టుంది. ఆ ఇష్యూ ఇదేనేమో చూడండి.

పెన్నాగట్టు
అన్నా, అదే! రీడ్‌మీని అందంగా ఉండాలని మా ఫ్రెండ్ ఫోన్‌లో దిద్దాడు, వాడి కీబోర్డు చేర్చిపెట్టింది. రెండూ పక్కపక్కన పెట్టినా తేడా తెలియట్లేదు. డాక్‌టెస్ట్ పెట్టి నడిపితే ఆ లైను దగ్గరే పట్టుకుంది.

ఒంగోలుగిత్త
చూశావా, నేను చెప్పలా!

ఆత్మకూరు_లెక్చరర్
మా పిల్లలకి అసలు సమస్య వేరు. >>> గుర్తుతో సహా కాపీ చేసి ఫైల్లో పెట్టి ‘సార్, ఎర్రర్’ అంటారు. డాక్యుమెంటేషన్ పేజీలు తయారుచేసే స్ఫింక్స్‌లో కాపీబటన్ ఎక్స్‌టెన్షన్ ఉంది, ఆ గుర్తుల్ని వదిలేసి కోడ్ ఒక్కటే కాపీ అయ్యేలా సెట్ చేసుకోవచ్చు. పేజీలోనే నడిపేదానికి పయొడైడ్ ఉంది, బ్రౌజర్‌లోనే పైథాన్ నడుస్తుంది, సర్వర్ అక్కర్లేదు. కానీ పేజీ తెరిచిన మొదటిసారి మొత్తం పైథాన్‌నే దించుకోవాలి. మా కాలేజీ దగ్గర సిగ్నల్‌కి చక్రం తిరుగుతూనే ఉంటుంది. బటన్ నొక్కాక నడిచేలా పెట్టండి, పేజీతోపాటే లోడ్ చేయొద్దు.

దర్శి_డీబగ్
ఏ నెట్‌వర్క్ సార్ అది? మాకు వాన పడితే ఫైబర్ కూడా పోతుంది.

కనిగిరి_గోఫర్
వాన దాకా ఎందుకు, మాకు కరెంటు పోతే చాలు.

పెన్నాగట్టు
నెట్ గొడవకి వేరే దారం తెరవండయ్యా. ఇలా చేశాను: అంకణానికి ఎన్ని అడుగులో వాడేవాళ్లే ఇవ్వాలి, డిఫాల్ట్ తీసేశాను. జిల్లా పేరు ఎక్కడా లేదు. ఇవ్వకపోతే ఎర్రర్, ఆ ఎర్రర్ కూడా ఉదాహరణగా పెట్టాను. డాక్‌టెస్ట్ ట్రేస్‌బ్యాక్ మధ్యలో లైన్లు పట్టించుకోదు కాబట్టి పైలైనూ, కింద మెసేజీ ఉంటే చాలు.

>>> సెంటు_నుంచి_అంకణం(1, అడుగులు=72)
6.05
>>> సెంటు_నుంచి_అంకణం(1, అడుగులు=36)
12.1

సూళ్లూరుపేట_షటిల్
ఇప్పుడు బాగుంది.

కావలి_కట్ట
నెల్లూరోడు రాసిన లైబ్రరీలో 72 డిఫాల్ట్ లేకపోవడమేంది? నేను ఒప్పుకోను.

రొట్టెలపండగ
గుంట ఎప్పుడు కలుపుతావు? హైదరాబాద్‌లో మా బావ అడుగుతున్నాడు. 121 గజాలు, దానికైతే తగాదా లేదు.