అప్‌డేట్: 2 పవర్ 67లోంచి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్యకు కారణాంకాలు దొరికాయి

సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. 147573952589676412927 ప్రధాన సంఖ్య కాదని టెస్టులో వస్తోంది, కారణాంకాలు మాత్రం దొరకట్లేదని అడిగాను కదా. ఇవీ అవి: 193707721, 761838257287.

పని చేసింది '134తో భాగిస్తే 1 మిగిలే సంఖ్యలనే చూడండి' అన్న సలహా. ఎందుకలా అని నల్లగొండలో మా లెక్కల సార్‌ని అడిగితే బోర్డు మీద చూపించారు. 67 ప్రధాన సంఖ్య కదా, అందుకని ఇక్కడి ఏ ప్రధాన కారణాంకంలోంచి ఒకటి తీసినా 67తో భాగం పోవాలి. కారణాంకం బేసి కాబట్టి 2తో కూడా పోవాలి. అంటే రెండూ కలిపి 134తో పోవాలి. ఎంత అందమైన తర్కమో! పాత ల్యాప్‌టాప్‌లోనే సెకన్లలో తేలింది.

ఓవర్‌ఫ్లో (సంఖ్య మరీ పెద్దదై కంప్యూటర్ ఇచ్చిన చోటులో పట్టకపోవడం) అయ్యిందేమో అన్న అనుమానానికి దీంతో సంబంధం లేదు, నేను వాడిన ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌లో పూర్ణాంకాలకు ఆ బాధ ఉండదు.

కారణాంకాలు తెలియకుండానే ఈ సంఖ్య సంయుక్త సంఖ్య అని గణిత శాస్త్రవేత్త లూకాస్ 1876లో నిరూపించారు. ఆ కారణాంకాలను 1903లో మరో గణిత శాస్త్రవేత్త కోల్ చూపించారు.