అప్‌డేట్: డీఎక్స్-60 మళ్లీ పలికింది

మా బాబాయి దాచిన హీత్‌కిట్ డీఎక్స్-60 (హామ్ రేడియోవాళ్లు వాడే పాత వాల్వుల ట్రాన్స్‌మిటర్) స్విచ్ వేయగానే ఫ్యూజు పోతోందని ఆమధ్య ఇక్కడ అడిగాను కదా. "నేరుగా ప్లగ్గు పెట్టకు, ముందు సిరీస్ బల్బు పెట్టి చూడు" అని సలహా ఇచ్చిన అన్నయ్యకు దండం. కరెంటు దారిలో బల్బు ఉంటే, లోపల షార్టు ఉన్నా ఎక్కువ కరెంటు పారకుండా అది ఆపుతుంది.

ఇది 120 వోల్టుల సెట్టు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌కు ముందు 100 వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టి ఆన్ చేస్తే, బల్బు నిండుగా వెలిగి అలాగే ఉండిపోయింది. అంటే లోపల షార్టే. ఛాసిస్ తిరగేస్తే ఒక ఫిల్టర్ కెపాసిటర్ (పవర్ సప్లైని నిలకడ చేసేది) అడుగున తెల్లటి పొక్కు, పక్కన జిగట. ఆ రకం (ఎలక్ట్రోలైటిక్) కెపాసిటర్లన్నీ మార్చేశాను. ఈసారి బల్బు ఒక్కసారి మెరిసి మందగించింది, అంటే షార్టు పోయినట్టే. ఆ క్షణం నాకు ఎంత సంతోషమో!

అయినా డ్రైవ్, అంటే చివరి ట్యూబును నడిపే సిగ్నల్, రాలేదు. దాన్ని చూపించే గ్రిడ్ కరెంట్ మీటరు ముల్లు కదలదు. రెండు రోజులు వెతికితే ఆ సిగ్నల్ ఇచ్చే 6సీఎల్6 ట్యూబు సాకెట్ పిన్నులకు చిలుం. శుభ్రం చేశాక ముల్లు లేచింది, చివరి పవర్ ట్యూబు 6146లో ఫిలమెంట్ నారింజ రంగులో వెలుగుతోంది.

ఒక్క మాట, దయచేసి తేలిగ్గా తీసుకోకండి: ఆ ట్యూబు ప్లేట్ మీద సుమారు 600 వోల్టులుంటాయి. స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లలో ఛార్జ్ నిలిచి ఉండొచ్చు కాబట్టి, వాటిని డిశ్చార్జ్ చేసి, మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టాను.

మొదట డమ్మీ లోడ్ (యాంటెన్నాకు బదులు పెట్టే రెసిస్టర్) మీద ట్యూన్ చేశాను. నిన్న సాయంత్రం విజయవాడలో మా డాబా మీది డైపోల్ యాంటెన్నాకు కలిపి, 7030 కిలోహెర్ట్జ్ క్రిస్టల్‌తో (ఫ్రీక్వెన్సీని స్థిరంగా ఉంచే ముక్క) మోర్స్ కోడ్‌లో పిలిచాను. గుంటూరు నుంచి లైసెన్సున్న మిత్రుడు జవాబిచ్చారు. టోన్ శుభ్రంగా ఉందట. పిన్ని పక్కనే కూర్చుని విన్నది.

ఇక ఏఎం మాడ్యులేషన్, అంటే గొంతుతో మాట్లాడే భాగం, చూడాలి.