పాపులేషన్ ఇన్‌వర్షన్ లేకుండా లేజరా?

కాజీపేట మాస్టారు:
హనుమకొండలో ఇరవై ఎనిమిదేళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. పై స్థాయిలో ఎలక్ట్రాన్లు కింది స్థాయి కంటే ఎక్కువ ఉంటేనే, అంటే పాపులేషన్ ఇన్‌వర్షన్ ఉంటేనే, లేజర్ అని బల్ల గుద్ది చెప్పినవాణ్ణి. నిన్న చౌరస్తాలో నా పాత శిష్యురాలు కనిపించింది. ఎమ్మెస్సీ చదువుతోందట. "నానోవైరు పోలారిటాన్ లేజర్‌కు అదేమీ అక్కర్లేదు సార్, అందుకే తక్కువ శక్తి చాలు" అంది. చేతిలో చాయ్ చల్లారిపోయింది. నేను చెప్పింది తప్పా?

లోలకం:
తప్పు కాదు సార్, మీరు చెప్పింది మామూలు లేజర్ సంగతి. ఒకే అడ్డ దారానికి రెండు లోలకాలు వేలాడదీసి మీరు ల్యాబ్‌లో చూపించే ఉంటారు. ఒకదాన్ని ఊపితే కాసేపటికి అది ఆగి రెండోది ఊగుతుంది, మళ్లీ మొదటిది. ఇక్కడ ఒక లోలకం కాంతి. రెండోది ఎక్సైటాన్, అంటే ఒకదాన్నొకటి అంటిపెట్టుకున్న ఎలక్ట్రాన్, రంధ్రం (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీ) జంట. కాంతి బయటికి జారిపోయేలోపే ఈ ఇచ్చిపుచ్చుకోవడం చాలాసార్లు జరిగితే ఏది కాంతో ఏది పదార్థమో విడదీయలేం. ఆ కలయికే పోలారిటాన్. ఇవి బోసాన్లు, అంటే ఒకే స్థితిలో ఎన్నైనా ఉండగల కణాలు, కాబట్టి ఒక స్థితిలో కొన్ని చేరగానే మిగతావీ అక్కడికే ఎగబడతాయి. సగానికి పైగా ఎలక్ట్రాన్లను పైకెత్తే ఖర్చు తప్పుతుంది. 1996లో ఇమామోగ్లు బృందం ఈ ఆలోచన చెప్పింది. నానోవైరు అంటే అతి సన్నని అర్ధవాహక తీగ, దానికి రెండు కొసలే అద్దాలు. ఇరుకులో చిక్కిన కాంతికి ఎక్సైటాన్‌తో జోడీ ఇంకా గట్టిపడుతుంది.

బొగ్గుబండి:
ఒక మెలిక ఉంది. జంట వేడికి విడిపోకూడదు. రామగుండం మే ఎండలో, 45 డిగ్రీల దగ్గర, ఉష్ణశక్తి సుమారు 27 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. గాలియం ఆర్సెనైడ్‌లో జంట బంధం 4 మాత్రమే, నిలవదు. జింక్ ఆక్సైడ్‌లో 60, నిలుస్తుంది. అలాగని ప్రతి నానోవైరు లేజరూ పోలారిటాన్ లేజర్ కాదు. మరీ ఎక్కువ శక్తి పోస్తే జంటలు చెదిరి విడి ఎలక్ట్రాన్లు, రంధ్రాల గుంపు (ప్లాస్మా) అవుతుంది. అప్పుడు మళ్లీ మాస్టారి పాఠమే!

కాజీపేట మాస్టారు:
లోలకాల మాట బాగుంది. కానీ జోడించిన లోలకాలకు పౌనఃపున్యం రెండుగా చీలుతుంది. మరి వర్ణపటంలోనూ రెండు గీతలు కనబడాలి కదా?

లోలకం:
కనబడతాయి సార్. 1992లో వైస్‌బుష్ బృందం అర్ధవాహక సూక్ష్మకుహరంలో (రెండు అద్దాల మధ్య అతి సన్నని అరలో) చూసింది సరిగ్గా ఆ చీలికనే.